రెండో స్థానం వస్తే ఏమొస్తుంది? శ్రీనిధి డెక్కన్ సీజన్ కథ

జల్‌పల్లి నుంచి మళ్లీ వచ్చేశా. ఇవాళ ఫుట్‌బాల్. ముందు ఒక చిన్న ప్రశ్న.

2023-24 సీజన్. మన హైదరాబాద్‌లో రెండు ప్రొఫెషనల్ టీమ్‌లు. ఒకటి 24 మ్యాచ్‌లాడి 14 గెలిచింది, 48 పాయింట్లు. రెండోది 22 ఆడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది, 8 పాయింట్లు. సీజన్ అయ్యాక దేశంలోని టాప్ లీగ్‌లో ఉన్నది ఏది?

8 పాయింట్ల టీమే! షాకయ్యారా? లెక్క చెప్తా.

48 పాయింట్లు తెచ్చుకున్నది శ్రీనిధి డెక్కన్. గ్రౌండ్ అజీజ్ నగర్‌లో, అప్పుడు ఆడింది ఐ-లీగ్, అంటే రెండో మెట్టు. 8 పాయింట్లది హైదరాబాద్ ఎఫ్‌సీ. అప్పుడు ఆడింది ఐఎస్‌ఎల్, పై మెట్టు. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది వీళ్లే. తర్వాత డబ్బు సమస్యలొచ్చాయి, విదేశీ ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లే సీజన్ లాక్కొచ్చారు. వాళ్లనేం అనలేం.

ఇప్పుడు అప్పటి రూల్ చూడండి. ఐ-లీగ్‌లో ఫస్ట్ వచ్చినోళ్లకే పైకి వెళ్లే ఛాన్స్ ఉండేది. ఐఎస్‌ఎల్‌లో లాస్ట్ వచ్చినా కిందికి దిగేవాళ్లు కాదు. శ్రీనిధి 2021-22లో, ఆడిన మొదటి ఐ-లీగ్ సీజన్‌లోనే మూడో స్థానం. 2022-23లో రెండో స్థానం, పంజాబ్ పైకెళ్లింది. 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఈసారి కోల్‌కతా మొహమ్మడన్ 52 పాయింట్లతో పైకెళ్లింది. తేడా నాలుగే పాయింట్లు. గెలుపుకి మూడు, డ్రాకి ఒకటి కదా. డ్రా అయిన రెండు మ్యాచ్‌లు గెలిచి ఉంటే లెక్క సమానమయ్యేది!

అదే సీజన్‌లో ఇంగ్లాండ్ రెండో డివిజన్‌లో ఇప్స్‌విచ్ టౌన్ కూడా సెకండే వచ్చింది. నేరుగా ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది. ఎందుకంటే అక్కడ మొదటి ఇద్దరికీ తలుపు తెరిచే ఉంటుంది.

"ఐపీఎల్‌లోనూ లాస్ట్ వచ్చినోళ్లు ఉంటారు కదా బ్రో" అంటారేమో. నిజమే. కానీ ఐపీఎల్‌కి కింద గెలిచి పైకెక్కే లీగే లేదు. ఇక్కడ మెట్లు కట్టి, పైన తలుపు ఒకరికే సరిపోయేంత తెరిచారు.

మరి ఏం చేయొచ్చు? జర్మనీలో ఒక పద్ధతుంది. పై లీగ్‌లో కింది నుంచి మూడో టీమ్, కింది లీగ్‌లో మూడో టీమ్ రెండు మ్యాచ్‌లు ఆడతాయి. గెలిచినోళ్లు పైన. దాన్ని మనకి తగ్గట్టు మార్చి, ఐఎస్‌ఎల్‌లో లాస్ట్ టీమ్‌కి, ఐ-లీగ్‌లో సెకండ్ టీమ్‌కి పెడదాం. 2023-24లో ఎవరెవరు ఆడేవాళ్లో తెలుసా? హైదరాబాద్ ఎఫ్‌సీ, శ్రీనిధి డెక్కన్! ఒక మ్యాచ్ గచ్చిబౌలిలో, ఒకటి అజీజ్ నగర్‌లో. మొత్తం సిటీ రెండుగా చీలిపోయేది.

ఇది ఒక క్లబ్ బాధే కాదు. ఈ ఊరి పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీమ్ కోచ్ రహీమ్ సాబ్ 1962 ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి గోల్డ్ తెచ్చిపెట్టారు. మన పక్కనే బార్కస్‌లో పిల్లలు ఇప్పటికీ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. వాళ్లకి "కష్టపడు, పైకొస్తావ్" అని చెప్పాలంటే, ముందు పైకి దారుండాలి కదా.

మరి ఆ రెండు మ్యాచ్‌లు జరిగి ఉంటే మీరు ఎవరి వైపు? కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.