అభిమానమునకు హద్దు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ఉపన్యాసము)



ఈ సంవత్సరము మన పై తరగతుల విద్యార్థులు కొందరు నా యొద్దకు వచ్చి, ‘ఆదిత్య 369’ చిత్రమునకు తరువాయి కథను ఫోనుతో చిత్రించి యూట్యూబులో పెట్టెదము, అనుమతింపుడని కోరిరి. ఈ సంగతి విని మీలో కొందరు చదువు చెడునని భయపడితిరి. మరికొందరు పోలీసు కేసు కాగలదేమో యని అడిగితిరి. ఈ రెండింటికిని సమాధానము చెప్పుట నా విధి.

మొదట పిల్లల కోరికను విచారింతము. మన లాల్‌పేట్‌లో బిడ్డ గడప దాటినంతనే బజారున మరాఠీని, గని యొద్ద హిందీని వినును. తెలుగు వినబడు తావులు ఇల్లు, బడి, సినిమా మాత్రమే. అట్టిచోట పిల్లలు సినిమా చూచి ఊరకుండక, తామును తెలుగులో ఒక కథ చెప్పవలెనని తలచుట శుభసూచకము. దానిని అణచుట తగదు. అయితే దారి చూపకుండుటయు తగదు.

ఒకరి కథను మరియొకరు చేపట్టుట మనకు క్రొత్త కాదు. రామాయణ భారతములను ఎందరు కవులు తిరిగి చెప్పలేదు? 1957లో వచ్చిన ‘మాయాబజార్’ లోని శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేనే లేదు. అందులోని ప్రియదర్శిని అను పేటికను తెరచినవారికి తమకు ప్రియమైనది కనబడును. నేటి పిల్లలు దానిని చూచి వీడియో కాల్ అని నవ్వుచున్నారు. ఇక కాలయంత్రమును 1895లో హెచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత తన నవలలో ప్రసిద్ధము చేసెను. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో ‘ఆదిత్య 369’ తీసి, కాలయంత్రమును శ్రీకృష్ణదేవరాయల కాలమునకును, క్రీ. శ. 2504కును నడిపించిరి. వెల్స్ కథలో రాయలవారు లేరు. ఊహను మాత్రమే గ్రహించి, కథను తమదిగా అల్లుకొనిరి. హద్దు సరిగా ఇక్కడనే ఉన్నది.

మన చట్టము కూడ ఇట్లే చెప్పుచున్నది. ‘హమ్ హిందుస్తానీ’ అను నాటకమును వ్రాసిన ఆర్. జి. ఆనంద్ గారు, 1956లో వచ్చిన ‘న్యూ ఢిల్లీ’ చిత్రము తన నాటకమునకు నకలని వ్యాజ్యము వేసిరి. ప్రాంతాభిమానముల వలన కలుగు చిక్కులే రెండింటికిని విషయము. మనవంటి వారికి ఎరుకైన సంగతియే! 1978లో సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును త్రోసిపుచ్చినది. భావమునకు, ఇతివృత్తమునకు కాపీరైటు లేదనియు, దానిని చెప్పిన రూపమునకే కలదనియు తీర్పు ఇచ్చినది.

కావున కాలయంత్రము అందరి సొత్తు. కాని ‘ఆదిత్య 369’ లోని దృశ్యములు, సంభాషణలు, సంగీతము అట్టివి కావు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి చలనచిత్రమునకు రక్షణ, విడుదలైన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు. అనగా ఈ చిత్రమునకు 2051 చివర వరకు గలదు. మేము డబ్బు తీసికొనుట లేదు గదా యని పిల్లలందురు. లాభము లేనంత మాత్రమున తప్పు ఒప్పు కాదు. శిక్ష తగ్గించుటకు మాత్రము న్యాయస్థానమునకు అవకాశము కలదు.

బడికి మాత్రము చట్టము ఒక వాకిలి తెరచియే ఉంచినది. 52వ సెక్షను ప్రకారము విద్యాసంస్థ కార్యక్రమములలో ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒక నాటకమును ప్రదర్శింపవచ్చును. విద్యార్థులు, తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థకు సంబంధించినవారు ప్రేక్షకులుగా ఉండుట ఆ సెక్షను ఉద్దేశము. కాని దానినే చిత్రించి లోకమంతటికిని చూపుట వేరు సంగతి.

అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అభిమానులు కొందరు ‘అక్సనార్’ అను చిత్రమునకై ప్రజల నుండి పది లక్షల డాలర్లకు పైగా చందాలు ప్రోగుచేసిరి. 2015 డిసెంబరులో హక్కుదారులు వ్యాజ్యము వేయగా, 2017 జనవరిలో రాజీ కుదిరినది. నడుమ 2016లో హక్కుదారులే నియమములు ప్రకటించిరి: కథ ఒక్కటైన 15 నిమిషములు, రెండు భాగములైన మొత్తము 30 నిమిషములు మించరాదు, చందా 50 వేల డాలర్లు దాటరాదు, నటులకు జీతము ఉండరాదు. అభిమానము ఎంత గాఢమైనను అది యాజమాన్యము కాజాలదని దీనివలన తెలియుచున్నది.

కనుక మన పిల్లలకు నేను ఇట్లు చెప్పితిని. ఆదివారములందు మాత్రమే పని. చిత్రము పది నిమిషములు. పాట, సంభాషణ, బొమ్మ ఏదియు పరులది కాదు. చందా లేదు. పేరు, పాత్రలు, కథ మీవే. వెల్స్ గారి కుర్చీ ఎందులకు? మన గనిలోనికి దిగు పంజరమే కాలయంత్రము కారాదా? మన తండ్రులు త్రవ్విన బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పూర్వపు అడవి. పంజరము దిగినకొలది కాలము వెనుకకు పోవును. మరియొక అంతస్తులో గోండు రాజులు చాందా కోటను కట్టించుచుందురు. ఇట్టి కథ ఏ స్టూడియోలోను పుట్టదు. ఎవరును మనపై వ్యాజ్యము వేయరు.

ఇందుకు మీ సహాయము కావలెను. తొలినాళ్లలో మీ పెద్దలు ఏ ఊరి నుండి వచ్చిరో, గనిలో ఏ మాటలు వాడిరో పిల్లలకు చెప్పుడు. వారు అడిగినపుడు విసుగుకొనకుడు. పరుల కథను మోసికొని తిరుగు పిల్లవానికి తన కథ దొరికినచో, వాని చదువును చెడదు, భాషయు నిలుచును.