పొట్టి చీపురు, వంగిన నడుము

(కోయంబత్తూరులో తెలుగు కుటుంబాల స్త్రీలు, యువజనుల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

మదురై నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లకు మరీ మరీ వందనాలు. రాత్రంతా ఆ సీటులో కూర్చుని వచ్చారు కాబట్టి నేను చెప్పబోయేది మీకే ముందు అర్థమవుతుంది.

నడుము నొప్పి, మెడ నొప్పి, భుజం నొప్పి ఏదీ లేనివాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. మూడు చేతులే లేచాయి. అందులో రెండు కాలేజీ పిల్లలవి.

నేను ఫిజియోథెరపిస్టుని. అంతకన్నా ముందు, వీధులు ఊడ్చిన అమ్మకు కూతురిని. మా అమ్మ ఇరవై రెండేళ్లు తెల్లవారుజామునే లేచి వంగి వీధి ఊడ్చింది. ఇంటికొచ్చాక వంగి నీళ్లు పట్టింది, వంగి గిన్నెలు తోమింది. నలభై దాటేసరికి నిటారుగా నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఆసుపత్రికి వెళ్తే ప్రతిసారీ ఒక సూది, పది మాత్రలు. "బరువులెత్తకు, వంగకు" అని చెప్పి పంపేవారు. ఏం పని చేస్తావమ్మా అని ఒక్కరూ అడగలేదు. వంగకుండా, బరువెత్తకుండా ఆమెకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ ప్రశ్న అడగమని 1700లోనే ఒక వైద్యుడు రాసిపెట్టాడు. ఆయన పేరు బెర్నార్డినో రామజ్జిని. ఇటలీలోని మోడెనా ఊళ్లో ఆయన ఇంటి మరుగుదొడ్డి గుంట తోడటానికి ఒక మనిషి వచ్చాడు. అతను ఊపిరాడకుండా పని చేస్తుంటే, ఎందుకయ్యా అంత తొందర అని ఆయన అడిగాడు. ఇందులో ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయి అన్నాడు అతను. ఆ మాట విన్నాకే రామజ్జిని వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని అడిగే ప్రశ్నల్లో "నీ పని ఏమిటి?" అన్నది కూడా చేర్చమన్నాడు. ఆ విద్యకు మొదటి గురువు ఒక పాకీ పనివాడన్నమాట. మా కాలేజీలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే చదువుకున్నాను.

మన సంగతికి వద్దాం. మదురైలో తెలుగువాళ్లెవరంటే తిరుమల నాయకుడి మహలు చూపిస్తారు. కోయంబత్తూరులో అడిగితే 1910లో లక్ష్మీ మిల్సు పెట్టిన కుప్పుస్వామి నాయుడుగారి పేరు చెప్తారు. నిజమే, వాళ్లూ తెలుగువాళ్లే. కానీ ఆ మహలు చుట్టూ వీధుల్నీ, ఆ మిల్లు ముందు రోడ్డునీ పొద్దున్నే ఊడ్చే అక్కల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు. ఆ తెలుగు గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

నొప్పి ఎలా పుడుతుందో చూద్దాం. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలుంటాయి. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ వాటి మీద పడే ఒత్తిడిని కొలిచాడు. నిటారుగా నిలబడినప్పుడు అది 100 అనుకుంటే, ముందుకు వంగితే 150 అవుతుంది. చేతిలో బరువుతో వంగితే 220. ఇక కండరం సంగతి. బట్టలు పిండేటప్పుడు చేతి కండరం బిగుస్తుంది, వదులవుతుంది, అందులోకి రక్తం వచ్చిపోతూ ఉంటుంది. వంగి అలాగే ఉండిపోతే నడుము కండరం బిగిసే ఉంటుంది. రక్తం సరిగ్గా అందదు. అలసట తీరదు, నొప్పి మొదలవుతుంది. ఒక్కరోజైతే నిద్రతో పోతుంది. ఏళ్ల తరబడి రోజూ అదే అయితే ఏ నిద్రా చాలదు.

ఊడ్చేవాళ్లకే కాదు. మిల్లులో రింగు ఫ్రేముల మధ్య షిఫ్టంతా నడిచే పిల్లలకు పిక్కలు, మడమలు. కుట్టు మిషను దగ్గర మెడ. బట్టల షోరూముల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలకు కాళ్ల వాపులు. ఈ అమ్మాయిల కోసం 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టం మార్చాయి, అంగడిలో కూర్చోవడానికి సీటు ఇవ్వాలని. సీటు వేశారా, వేసినా కూర్చోనిస్తున్నారా అన్నది మీరు బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు కళ్లతో చూడండి.

పొట్టి చీపురు దగ్గరికి వస్తాను. అమెరికాలో కాలిఫోర్నియా పొలాల్లో మెక్సికో కూలీలకు పొట్టి పిడి పార ఇచ్చేవాళ్లు. రోజంతా వంగి కలుపు తీయాలి. పొడుగు పిడి ఇస్తే పంట పాడవుతుందని యజమానులు వాదించారు. అసలు సౌకర్యం ఇంకొకటి ఉంది: పొట్టి పార ఉంటే ఎవరు నడుమెత్తి నిలబడ్డారో మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. కూలీలు పోరాడారు, వైద్యులు సాక్ష్యం చెప్పారు, 1975లో ఆ పారను నిషేధించారు. పంటలేమీ ఆగిపోలేదు.

మన అక్కల చేతిలో ఇప్పటికీ కొబ్బరి ఈనెల కట్టే ఉంటోంది. కర్ర కావాలంటే కొందరు సొంత డబ్బుతో కొనుక్కుని కట్టుకుంటున్నారు. కర్ర ఛాతీ దాకా రావాలి. రెండు చేతులతో పట్టుకోవాలి. కొద్ది నిమిషాలకొకసారి పై చెయ్యి కిందికి, కింది చెయ్యి పైకి మార్చాలి. నడుము తిప్పి దూరంగా లాగే బదులు ఒక అడుగు ముందుకు వేయండి. అరగంటకోసారి చీపురు పక్కన పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని ఐదుసార్లు మెల్లగా వెనక్కి వంగండి. మేస్త్రీ ఏమన్నా అంటే డాక్టరమ్మ చెప్పింది అనండి. నేను డాక్టరుని కాకపోయినా ఫరవాలేదు.

చెత్త డబ్బా ఒక్కరే ఎత్తకండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగింది 23 కిలోలే. నేల మీద నుంచి ఎత్తితే, ఒంటికి దూరంగా పట్టుకుంటే, తిరుగుతూ ఎత్తితే అది ఇంకా తగ్గుతుంది. తడిచెత్త డబ్బా ఎంత ఉంటుందో మీకే తెలుసు. బండిని లాగే బదులు నెట్టండి, చక్రాలకు గ్రీజు అడగండి.

నీళ్ల సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది, అయినా చెప్తాను. దారిలో మరుగుదొడ్డి లేదని మన ఆడవాళ్లు నీళ్లు తాగరు. ఎండలో ఒళ్లు ఎండిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. దాని మీద రోజూ డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంటే కడుపుకూ, మూత్రపిండాలకూ ముప్పు. ఊడ్చేవాళ్లకు మరుగుదొడ్డి అడగడం కూడా నడుము వైద్యంలో భాగమే. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గితే, మూత్రం మీద అదుపు తప్పితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మామూలు నొప్పికి వారాల తరబడి మంచం ఎక్కకండి, మెల్లగా నడవండి.

తమ్ముళ్లూ, మీ అమ్మ పొద్దున వంగింది చాలు. సాయంత్రం నీళ్లు మీరు పట్టండి.

లూకా సువార్త 13వ అధ్యాయంలో పద్దెనిమిదేళ్లుగా నడుమెత్తలేని స్త్రీ ఉంది. ఆమె ఏం పని చేసేదో సువార్త చెప్పదు. ఆమె అడగలేదు, ప్రభువే చూసి పిలిచాడు. సమాజమందిరపు అధికారికి కోపం వచ్చింది, బాగు చేసుకోవడానికి వేరే ఆరు రోజులున్నాయి కదా అని. నీళ్లకోసం ఎద్దును విప్పుతారు, ఈమెను విప్పకూడదా అని ప్రభువు అడిగాడు. మా అమ్మకు ఆ భాగమంటే ప్రాణం. నడుము నొప్పిని సిలువలా ఓర్చుకోమ్మా అని ఆమెకు చెప్పిన సంఘ పెద్దలు ఉన్నారు. వాళ్లు ఈ అధ్యాయాన్ని ఎలా చదివారో నాకు అర్థం కాలేదు.

చివరిగా ఇ.ఎస్.ఐ. నగరపాలక సంస్థల్లోని కాంట్రాక్టు పనివాళ్లను కూడా దీనిలోకి తెస్తామని 2021 జూన్‌లో కేంద్ర కార్మిక శాఖ ప్రకటించింది. జీతం 21,000 లోపు ఉంటే మీ వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. మీ జీతం చీటీ తీసి చూడండి. కోత పడుతుంటే నంబరు అడగండి, సింగానల్లూరు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో చూపించుకునే హక్కు మీకుంది. కోత లేకపోతే ఎందుకు లేదో కాంట్రాక్టరును ఒక్కరే వెళ్లి అడగొద్దు, పదిమంది కలిసి వెళ్లండి.

కాలేజీ పిల్లలకు ఒక పని. వచ్చే ఆదివారానికల్లా ఒక్కొక్కరు మీ వీధి ఊడ్చే అక్కను కలవండి. ముందు టీ ఇప్పించండి. తర్వాత చీపురు పొడవు, ఆమె ఎత్తు, ఎన్ని గంటల పని, మరుగుదొడ్డి ఎంత దూరం, జీతం చీటీలో ఇ.ఎస్.ఐ. ఉందా లేదా రాసుకు రండి. ఆమె పేరు మాత్రం రాయకండి, పని పోతుంది. ఆ కాగితాలన్నీ కలిపి కోయంబత్తూరు, మదురై కమిషనర్లకు పొడుగు కర్ర చీపుర్ల కోసం అర్జీ పెడదాం. కొలటేపు లేనివాళ్లు నా దగ్గర తీసుకోండి, ఇరవై తెచ్చాను. తమిళంలో చక్కగా అర్జీ రాసేవాళ్లు ఎవరో ఇప్పుడే ముందుకు రండి.