సముద్రం అడుగు బురదలో వైరస్‌లు

వైరస్ అనగానే మనకి జలుబో, కోవిడో గుర్తొస్తుంది. ఇవాళ చెప్పబోయే వైరస్‌లకి మనతో పని లేదు. అవి సముద్రం అడుగున, వెలుతురు చొరబడని బురదలో ఉంటాయి. వాటికి కావలసింది అక్కడి సూక్ష్మజీవులు.

అంత లోతున ఆ సూక్ష్మజీవులకి తిండెక్కడిది? పైనుంచి రాలే చచ్చిన ప్లవకాలు, తుక్కు. అదీ చాలావరకు దారిలోనే ఖర్చయిపోతుంది. మరి ఇంత కరువులో ఎలా బతుకుతున్నాయి?

ఇటలీ శాస్త్రవేత్త రొబెర్తో దనోవారో బృందం 2008లో నేచర్ పత్రికలో ఒక జవాబు చెప్పింది. వాళ్ళు వేర్వేరు సముద్రాల నుంచి తెచ్చిన 232 నమూనాలు చూశారు. 1,000 మీటర్లు దాటిన లోతుల్లో కొత్తగా పెరిగే సూక్ష్మజీవుల రాశి దాదాపు అంతా వైరస్‌ల చేతిలోనే పోతోందిట!

ఇక్కడే ఉంది అసలు సంగతి. వైరస్ దేన్నీ తినదు. కణంలో దూరి, తన నకళ్ళు చేయించుకుని, కణాన్ని బద్దలుకొట్టుకుని బయటికొస్తుంది. లోపలి సరుకంతా బురదలో ఒలికిపోతుంది. పక్కనున్న బాక్టీరియాకి అదే భోజనం. అది తిని పెరుగుతుంది, దాన్నీ ఇంకో వైరస్ పట్టుకుంటుంది. అదే ఏ పురుగో తిని ఉంటే, ఆ కర్బనం పెద్ద జీవులకి చేరేది. ఇలా విడుదలయ్యే కర్బనం ఏడాదికి 37 నుంచి 63 కోట్ల టన్నులని వాళ్ళ అంచనా. సముద్రం అడుగున ఎంత కర్బనం పాతుకుపోతుందో లెక్క కట్టేవాళ్ళు ఈ వైరస్‌లని వదిలేస్తే ఆ లెక్క తప్పుతుంది, నన్నడిగితే.

2016లో అదే బృందం ఇంకోటి చెప్పింది: సంఖ్యతో పోలిస్తే బాక్టీరియా కన్నా ఆర్కియాకే ఈ దెబ్బ ఎక్కువట. ఆర్కియా సంగతి వచ్చే ఎపిసోడ్‌లో.