నల్లుల బెడద: దాచవద్దు, విషం పెట్టవద్దు
(గచ్చిబౌలిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నల్లి కుడితే మంచానికి దెబ్బలు తప్పవని సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పాడు. మన చిన్నతనంలో నులకమంచం ఎండలో వేసి మరిగే నీళ్లు పోసేవారు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పెరడు లేదు. హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లల పెట్టెల్లో, పాత సోఫాల్లో నల్లులు ఇల్లు చేరతాయి. ఇది అపరిశుభ్రతకు గుర్తు కాదు, సిగ్గుపడవద్దు. గోడ సందుల గుండా పక్క ఫ్లాటుకూ పాకుతాయి కనుక ఇరుగుపొరుగుకు చెప్పండి.

మన వయసులో చాలామందికి నల్లి కుట్టినా దద్దురు రాదు. అందుచేత పరుపు కుట్లు, మంచం కీళ్లు టార్చిలైటుతో చూడండి. నల్లటి చుక్కలు కనిపిస్తే అనుమానించండి.

డి.డి.టి.కి నల్లులు లొంగడం లేదని 1947లోనే హవాయిలో గమనించారు. కిరోసిన్ చల్లితే నిప్పు ప్రమాదం. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలోని తేమకే విషవాయువు వదులుతాయి. అది పక్కింటివారి ప్రాణాలు కూడా తీయగలదు. ఎవరిచ్చినా ఇంట్లో పెట్టకండి.

దుప్పట్లు 60 డిగ్రీల వేడినీటిలో ఉతికించండి. మంచం సందులకు ఆవిరి పట్టించండి. గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి పదిహేను రోజులకు మళ్లీ చేయించండి. మందు కొట్టించాలంటే లైసెన్సు ఉన్నవారినే పిలవండి. తాళంవేసి రెండు నెలలు పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినా నల్లులు బతికే ఉండవచ్చు.

ఓపిక పట్టిన ఇంట్లోనే నల్లి ఓడుతుంది. సెలవు.