కెమెరా ముందు కూర్చున్న పిల్ల
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఉర్దూ మీడియం పంతుళ్ళకు ఫోటోలతో పనేమిటని ఇందాక ఒకరు నవ్వారు. పనుంది. మేము చెప్పబోయే ఫోటో తీసింది బడిలోనే.

1984లో పెషావరు దగ్గర నాసిర్ బాగ్ శరణార్థుల శిబిరంలో, గుడారం కింద ఆడపిల్లల బడి నడుస్తోంది. అమెరికా ఫోటోగ్రాఫరు స్టీవ్ మెక్కరీ అక్కడికి వెళ్ళాడు. సుమారు పన్నెండేళ్ళ షర్బత్ గులా రెండు చేతులతో మొహం కప్పుకుంది. చేతులు దించమని టీచరు చెప్పిందట. ఆ సంగతి ఫోటోగ్రాఫరే తరువాత చెప్పాడు. ఆ ఫోటో 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమై లోకమంతా తిరిగింది. ఆ కళ్ళలో యుద్ధం కనబడుతోందన్నారు. 2002లో ఆమెను వెతికి పట్టుకుని అడిగితే ఏమన్నది? పరాయి మనిషి ఫోటో తీస్తున్నాడని కోపం వచ్చిందన్నది! మనం చూసిన చూపులో కెమెరా పట్టినవాడి మీది కోపం కూడా ఉందన్నమాట. అప్పటిదాకా ఆమె ఆ ఫోటో చూడనేలేదు, లోకానికి ఆమె పేరూ తెలియదు.

మా మనసు మాత్రం ఆ టీచరు దగ్గరే ఆగిపోతుంది. పిల్లల గోడు నలుగురికీ తెలియాలనే చెప్పి ఉంటుంది. ఆ ఫోటో వల్ల ఆఫ్ఘన్ శరణార్థుల వైపు లోకం చూసింది కూడా. కానీ ఉస్తాద్ మాటకు చేతులు దించిన పిల్ల ఒప్పుకున్నట్టా, లొంగినట్టా? బడిలో పిల్లలు నిలబడమంటే నిలబడతారు, నవ్వమంటే నవ్వుతారు. అది మాకు రోజూ తెలిసేదే.

2016లో నకిలీ గుర్తింపు కార్డు కేసులో ఆమెను పాకిస్తాన్‌లో అరెస్టు చేసి ఆఫ్ఘనిస్తాన్‌కు పంపేస్తే, మళ్ళీ ఆ మొహమే పత్రికలకెక్కింది. 2021లో ఇటలీ ఆశ్రయమిచ్చింది. ఆ పేరు లేకపోతే ఇచ్చేవారా? ఏమో.

ఇక మన సంగతి. నోటుపుస్తకాలు, కుట్టుమిషన్లు, రంజాన్ తోఫా పంచేటప్పుడు ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ కెమెరా వైపే చూడాలి. ఫోటో సరిగా పడలేదంటే సంచీ వెనక్కిచ్చి మళ్ళీ పుచ్చుకోవాలి! కొంగు లాక్కునే బేవాలను "కాస్త ఇటు చూడమ్మా" అంటారు. సదఖా గుప్తంగా ఇవ్వడమే మేలని ఇక్కడి పెద్దలకు మేము చెప్పనక్కర్లేదు. చందాదారులకు లెక్క చూపాలి కదా అంటారు. నిజమే, దానికి రసీదులున్నాయి, సంతకాల రిజిస్టరుంది.

కాబట్టి వచ్చే సంచికలో పుచ్చుకునేవారి మొహాలు వేయవద్దని కమిటీవారిని కోరుతున్నాము. తప్పదనుకుంటే ముందుగా అడగండి, అచ్చయిన ప్రతి ఒకటి వాళ్ళింటికి పంపండి. అడిగే పని మాత్రం పంతుళ్ళకు అప్పగించకండి.