ఇల్లు మీ పేరుమీదే ఉండనివ్వండి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నిజాం కాలపు ఉర్దూ దస్తావేజులు చదివిపెట్టమని పెద్దలు నా దగ్గరకు వస్తుంటారు. చదవడం అయ్యాక అసలు మాట బయటికొస్తుంది: "మాస్టర్ సాబ్, ఇల్లు తన పేర రాయమంటున్నాడు కొడుకు, ఏం చేయను?"

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీలలో ముప్పయి ఏళ్లు చాకిరీ చేసినవారికి మిగిలేది ఏమిటి? ప్రావిడెంట్ ఫండు సొమ్ము పిల్లల పెళ్లిళ్లకు సరి. ఆ పథకం కింద వచ్చే పెన్షనుకు 2014లో పెట్టిన కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలు. మందులకే అది చాలదు, మంచాన పడితే చూసుకునే మనిషికి ఎక్కడ చాలుతుంది? చేతిలో ఉన్నదల్లా ఇల్లొక్కటే. దానితో ముసలితనం గడవడానికి మూడు దారులున్నాయి.

మొదటిది రివర్స్ మార్టుగేజి. 2007-08 కేంద్ర బడ్జెట్టులో దీన్ని ప్రకటించారు. 60 ఏళ్లు దాటినవారు సొంతింటిని తాకట్టు పెడితే బ్యాంకే వారికి నెలనెలా డబ్బిస్తుంది. బతికినన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉండవచ్చు. భార్యాభర్తలిద్దరూ పోయాక వారసులు బాకీ తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్మి మిగిలింది వారికిస్తుంది. కాని ఏటేటా వడ్డీ పెరుగుతూ పోతుంది. సూద్ సంగతి మీకు చెప్పనక్కర లేదు. పైగా నోటరీ కాగితం మీద కొన్న జాగాకు బ్యాంకు ఒప్పుకోదు.

రెండోది కొడుకుకు హిబా చేసి, చూసుకుంటాడని నమ్మడం. హిబా పూర్తి కావాలంటే స్వాధీనం కూడా అప్పగించాలి. అప్పగించిన మరునాటి నుండి మన ఇంట్లో మనమే మెహమాన్. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, పోషిస్తాననే షరతు మీద ఆస్తి తీసుకుని పోషించకపోతే, ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. అయితే షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2025లో మరో కేసులో, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని చూసి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. నోటిమాటకు విలువ ఎంతో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. ఇంకొక చిక్కు ఉంది. హనఫీ ఫికహ్‌లో హిబాకు పెట్టిన షరతు చెల్లక హిబా మాత్రం నిలిచిపోవచ్చు. అందుకని సంతకానికి ముందు ముఫ్తీ సాబ్‌నూ వకీలునూ ఇద్దరినీ అడగండి.

మూడోది, నాకు నచ్చినది: ఇల్లు మన పేరుమీదే ఉంచుకుని ఒక భాగం కిరాయికి ఇవ్వడం. బీహారు, ఒడిశా కార్మికులు మన బస్తీలలో గదులు వెతుక్కుంటూ తిరుగుతున్నారు. కిరాయి హలాల్ సంపాదన. అది మందులకవుతుంది, చేతిసాయానికి పెట్టుకున్న మనిషి జీతానికీ అవుతుంది, ఒకరి ముందు చేయి చాపే పని ఉండదు.

"ఇప్పుడు రాయకపోతే రేపు తగాదాలు" అంటారు. మన తరువాత వాటాలు షరీయత్ ప్రకారం ఎలాగూ పంచబడతాయి. తొందరపడి కొడుకుకు రాసేస్తేనే కూతురి వాటా పోతుంది. తగాదా పుట్టేది అక్కడే.

కొడుకులకు ఒక్క మాట. అబ్బా, అమ్మీ కాగితం మీద సంతకం పెట్టలేదంటే మీమీద ప్రేమ లేదని కాదు. సంతకం లేకుండానే ఖిద్మత్ చేసి చూపించండి.

సొసైటీకి నా మనవి. నెలకొక ఆదివారం ఒక వకీలును పిలిపించి, వృద్ధుల ఇంటి కాగితాలు ఉచితంగా చూపించే ఏర్పాటు చేయాలి. ఉర్దూ కాగితాలు చదివే పని నేను చేస్తాను.

ఖుదా హాఫిజ్.