పిన్ నొక్కితే సంతకం పెట్టినట్టే
(పొదుపు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



వెనకటి రోజుల్లో అప్పు కావాలంటే షావుకారు దగ్గరికి పోయేవారు. ఆయన నోటు రాసేవాడు. ఆడవాళ్లు వేలిముద్ర వేసేవారు. ఇచ్చింది వంద రూపాయలు. రాసుకున్నది రెండు వందలు. కాగితంలో ఏముందో చదవలేరు. వేలిముద్ర పడ్డాక అడగలేరు. అందుకే చదువు కావాలనుకున్నారు. పగలంతా పని చేసి రాత్రిబడికి వచ్చారు. పలక పట్టారు. సంతకం నేర్చారు.

ఇప్పుడు చేతిలో ఫోను ఉంది. చీరలు, గిన్నెలు, మిక్సీలు ఫోనులోనే కొంటున్నారు. దీన్నే ఆన్‌లైన్‌లో కొనడం అంటారు. ఇది మంచిదే. టౌనుకు పోయే బస్సు చార్జీ మిగులుతుంది. ఇంట్లో కూర్చుని పది కొట్ల ధరలు చూడొచ్చు.

కానీ ఫోనులో కూడా ఒక సంతకం ఉంది. దాని పేరు యూపీఐ పిన్. అది నాలుగు అంకెలు గాని, ఆరు అంకెలు గాని ఉంటుంది. పిన్ నొక్కడం అంటే ఏమిటి? "నా ఖాతాలో డబ్బు తీసి వాళ్లకు ఇవ్వండి" అని బ్యాంకుకు సంతకం పెట్టి ఇవ్వడమే. తెర మీద ఏముందో చదవకుండా పిన్ నొక్కితే, చదవకుండా వేలిముద్ర వేసినట్టే.

మోసం ఎలా జరుగుతుంది?

ఇలా అనుకోండి. ఒక అక్క ఫోనులో చీర కొన్నది. 650 రూపాయలు ముందే కట్టింది. చీర వచ్చింది. చూస్తే అంచు చిరిగి ఉంది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికింది. ఒక నంబరు కనబడింది. ఫోను చేసింది.

అవతలి మనిషి తియ్యగా మాట్లాడాడు. "అమ్మా, మీ డబ్బు ఇప్పుడే వెనక్కి వేస్తాం. మీ ఫోనుకు ఒక మెసేజి వస్తుంది. అది తెరిచి పిన్ నొక్కండి చాలు" అన్నాడు. అక్క నొక్కింది. 650 రాలేదు. 6,500 పోయాయి. అది సంఘానికి కట్టాల్సిన వాయిదా డబ్బు.

తెర మీద 6,500 అని ఉంది. ఎవరికి పోతుందో ఆ పేరూ ఉంది. అక్క చదవలేదు. ఆ మనిషి చదవనివ్వలేదు. "తొందరగా, తొందరగా" అన్నాడు. తొందరపెట్టడమే దొంగ గుర్తు.

ఏం చేయాలి?

గూగుల్‌లో కనబడే నంబరును నమ్మొద్దు. పెద్ద కంపెనీ పేరు పెట్టి దొంగలు కూడా తమ నంబరు రాసుకుంటారు. వస్తువు ఏ యాప్‌లో కొన్నారో ఆ యాప్‌లోకే పోవాలి. వస్తువు తిప్పి పంపడానికి, సాయం అడగడానికి అందులోనే చోటు ఉంటుంది.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. కూలి డబ్బు, పింఛను డబ్బు ఖాతాలో పడేటప్పుడు ఎవరైనా పిన్ అడిగారా? లేదు కదా! డబ్బు పంపడానికి పిన్ కావాలి. కొట్లలో అతికించే స్కానర్ బొమ్మ కూడా అంతే. దాన్ని స్కాన్ చేసేది డబ్బు ఇచ్చేవాళ్లు. తీసుకునేవాళ్లు కాదు.

"ఈ యాప్ వేసుకోండి, మేమే సరిచేస్తాం" అంటే ఒప్పుకోవద్దు. కొన్ని యాప్‌లతో మీ ఫోను తెర అంతా వాళ్లకు కనబడుతుంది.

ఓటీపీ వస్తే మెసేజి మొత్తం చదవండి. అది దేనికో అందులోనే రాసి ఉంటుంది. ఫోను చేసి అడిగేవాళ్లకు చెప్పొద్దు.

ఇరవై వేల ఫ్రిజ్ రెండు వేలకే అని వాట్సాప్‌లో లింకు వస్తుంది. నొక్కొద్దు. పేరున్న కంపెనీ లాగే ఉంటుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కుని చదివితే ఆ తేడా దొరుకుతుంది.

కొత్త చోట కొంటే, వస్తువు వచ్చాకే డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టుకోండి. మీ ఇంట్లో ఎవరూ అడగని పార్సిలు వస్తే డబ్బు కట్టొద్దు. వెనక్కి పంపండి.

డబ్బు పోతే?

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. మీ బ్యాంకుకు కూడా చెప్పండి. ఎందుకు వెంటనే? దొంగ ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుస్తాడు. వాడు బయటికి తీసేలోగా చెబితే బ్యాంకులు ఆపగలవు. ఆలస్యమైతే దొరకడం కష్టం. మెసేజిలు చెరపొద్దు. అవే సాక్ష్యం.

చాలామంది చెప్పరు. ఇంటాయన తిడతాడని భయం. తోటికోడలు నవ్వుతుందని సిగ్గు. ఆ భయంలో రోజు గడిచిపోతుంది. దొంగకు కావాల్సింది అదే. దొంగతనం చేసినవాడిది తప్పు. పోగొట్టుకున్నదానిది కాదు. సంఘంలో ఎవరికి ఇలా జరిగినా, ముందు 1930కి ఫోను చేయించండి. చీవాట్లు తర్వాత.

వస్తువు పాడైనది వచ్చింది, అమ్మినవాళ్లు పలకడం లేదు. అప్పుడు 1915కు ఫోను చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు. 2020లో వచ్చిన నియమాల ప్రకారం, ఫిర్యాదు అందిందని ఆ కంపెనీ 48 గంటల్లో చెప్పాలి. నెల రోజుల్లో పరిష్కరించాలి. ఇది మీ హక్కు.

గుర్తుంచుకోండి:

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.
పేరు చదవండి. అంకె చదవండి. తర్వాతే పిన్ నొక్కండి.
డబ్బు పోతే 1930. వస్తువు బాగాలేకపోతే 1915.

ఈ రెండు నంబర్లు ఇంటికి పోయాక గోడ మీద రాసుకోండి. ఇంట్లో అందరిచేతా చదివించండి.